పదకొండు నెలల కౌలు పత్రం: తీసుకోవాల్సిందే, అక్కడితో ఆగకూడదు

ఆంధ్రప్రదేశ్‌లో కౌలుకు చేసే రైతుకు చెప్పుకోదగ్గ రాతపూర్వక ఆధారం ఒకటుంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద భూయజమానీ సాగుదారూ సంతకం చేసే 11 నెలల ఒప్పందం, దాన్ని బట్టి వచ్చే సాగుదారు హక్కు కార్డు. ఊళ్లో దాన్ని సీసీఆర్‌సీ అనో, కౌలు కార్డు అనో అంటారు. ఆ ఒప్పంద పత్రం ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, అక్కడ దాని పక్కన ఇంకో కాగితం ఎలా రాసుకోవాలి అన్నదే ఈ సమీక్ష.

ముందు తీర్పు చెప్పేస్తే చదవడం సులువు. ఈ పొలంలో పంట ఎవరిదని ప్రభుత్వానికీ బ్యాంకుకీ చెప్పడానికి ఈ పత్రం బాగా పనికొస్తుంది. యజమానీ కౌలుదారూ ఒకరికొకరు ఏం బాకీ, ఎప్పుడు బాకీ, పంట పోతే ఎవరు భరించాలి అన్నది తేల్చడానికి మాత్రం సరిపోదు. కౌలు గొడవలు వచ్చేదేమో ఈ రెండో చోటే. అందుకే ఐదుకు మూడు మార్కులు. పక్కన ఒకటిన్నర పేజీల అనుబంధ పత్రం జోడిస్తే నాలుగున్నర ఇచ్చేయొచ్చు.

పదకొండు నెలలే ఎందుకు

కోస్తా, రాయలసీమల్లో కౌలు దశాబ్దాలుగా నోటిమాట మీదే నడవడానికి కారణం ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం ప్రకారం కౌలు కనీస గడువు ఆరేళ్లు. భూమి అమ్మితే కొనుక్కునే మొదటి అవకాశం కౌలుదారుకి ఇవ్వాలి. కౌలుదారుని కాపాడాలని పెట్టిన ఈ నిబంధనలే యజమానిని కాగితానికి దూరం చేశాయి. రాసిస్తే భూమి చేజారుతుందన్న భయం అప్పుడు పుట్టిందే. 2011లో అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019 చట్టం దాని స్థానంలో వచ్చింది. యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి, గడువు 11 నెలలే, కౌలుదారుకి పంట మీదే హక్కు, భూమి మీద ఏ హక్కూ రాదు. దాని మూలసూత్రం ఇదే.

గడువు ఏడాది లోపే ఉండటం వల్ల ఇంకో మేలుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన కౌలు పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. చేయించకపోతే కౌలు షరతులకు రుజువుగా కోర్టు దాన్ని తీసుకోదు. 11 నెలల పత్రానికి ఆ బెడద లేదు.

యజమానులు అడిగే ప్రశ్న ఒకటే: ఏళ్ల తరబడి ఒకరే చేస్తుంటే భూమి వాళ్లదైపోదా? పన్నెండేళ్ల అనుభవం అన్న మాట ఊళ్లో అందరికీ తెలుసు. అది వర్తించేది యజమాని హక్కును కాదని, అతని అనుమతి లేకుండా, బహిరంగంగా భూమిని పట్టుకున్నవాళ్లకి. కౌలు కడుతూ, యజమాని అనుమతితో చేస్తున్న మనిషి స్వాధీనం ఆ లెక్కలోకి రాదు. నిజానికి ఏటా కొత్తగా రాసే 11 నెలల పత్రం యజమానికే రక్షణ. భూమి నీదేనని కౌలుదారు ప్రతి ఏడూ సంతకం పెట్టి ఒప్పుకుంటున్నట్టే కదా. నోటిమాట కౌలులో ఆ రుజువు ఉండదు. యజమానికి ఈ సంగతి ఓపిగ్గా వివరిస్తే సగం పని అయిపోతుంది.

బాగా చేసే పని

కార్డు చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. కార్డు విలువంతా ఈ-పంట నమోదులో, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఆన్‌లైన్ లెక్కలో ఉంది. ఆ నమోదులో సాగుదారుగా ఎవరి పేరుంటే పంటల బీమా, విపత్తు వచ్చినప్పుడు పెట్టుబడి రాయితీ, మద్దతు ధరకి ధాన్యం అమ్మకం వాళ్ల పేరు మీదే నడుస్తాయి. కార్డుండి, ఈ-పంటలో యజమాని పేరే ఉండిపోయిందంటే పంట కౌలుదారుది, డబ్బు యజమాని ఖాతాది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. ఖరీఫ్‌కి దుక్కి మొదలవ్వకముందే ఒప్పందం, కార్డు. విత్తిన లేదా నాటిన వెంటనే రైతు సేవా కేంద్రంలో కార్డు చూపించి ఈ-పంటలో పేరు వేయించడం. ఆ తర్వాత సాగుదారే వెళ్లి వేలిముద్ర వేసి ఈ-కేవైసీ పూర్తి చేయడం. చాలామంది జారిపోయేది ఈ మూడో మెట్టు దగ్గరే. నమోదు చేయించేసి, వేలిముద్ర తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు. సామాజిక తనిఖీకి, అంటే ఊళ్లో అందరూ చూసి తప్పులు చెప్పడానికి, జాబితా పెట్టినప్పుడు ఐదు విషయాలు చూసుకోండి: సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, రకం, విత్తిన తేదీ. మిరప వేసిన చోట పత్తి అని పడినా, ఎకరం 20 సెంట్లు కాస్తా ఎకరం రెండు సెంట్లుగా పడినా, సరిదిద్దించుకునే సమయం అదే. నష్టం జరిగాక ఎవరూ దిద్దరు.

రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. ఒప్పందంలో పాత నంబరు, ఈ-పంటలో కొత్త నంబరు పడితే రెండూ ఒకే పొలమని నిరూపించే పని మీ మీద పడుతుంది. రెండు నంబర్లూ రాయించండి. సంతకానికి ముందు వన్-బీ (యజమాని పేరుండే భూమి రికార్డు), అడంగల్ (పొలం, సాగు వివరాల రికార్డు) తాజా ప్రతులు తీసి, పట్టాదారుగా ఉన్న పేరూ సంతకం పెట్టే మనిషీ ఒకరేనా చూడండి. తండ్రి పోయినా పేరు మారకపోవడం, అన్నదమ్ముల ఉమ్మడి పట్టాలో ఒకరే సంతకం పెట్టడం, యజమాని విదేశంలో ఉంటే బావమరిది పెట్టడం మామూలే. మొదటిదానికి వారసులందరి సంతకాలూ కావాలి. రెండోదానికి మిగతా పట్టాదారుల సమ్మతి కావాలి. మూడోదానికి పవర్ ఆఫ్ అటార్నీ ప్రతి కావాలి.

బ్యాంకు దగ్గర

కార్డు మీద ఎక్కువ ఆశ పెట్టుకునేదీ, ఎక్కువ నిరాశ ఎదురయ్యేదీ ఇక్కడే. చట్టం ప్రకారం కార్డుతో పంట రుణానికి అర్హత వస్తుంది. అయితే అదే సర్వే నంబరు మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వడానికి వెనకాడుతుంది. ఒక పొలం, ఒక పంట, రెండు రుణాలంటే ఎవరూ సాహసించరు. ఇది ఒప్పంద పత్రం తప్పు కాదు కానీ, పత్రంలో రాసుకుంటే ముందే బయటపడే విషయం. అనుబంధంలో ఒక్క వాక్యం చాలు: ఈ భూమి మీద ప్రస్తుతం పంట రుణం ఉందా లేదా, ఉంటే ఏ బ్యాంకులో, ఈ గడువులో కొత్తగా తీసుకోబోనని యజమాని హామీ.

2025 జనవరి 1 నుంచి తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వ్ బ్యాంకు 1.6 లక్షల నుంచి 2 లక్షలకు పెంచింది. భూమి తాకట్టు పెట్టలేని కౌలుదారుకి ఇది ముఖ్యమైన మార్పు. మేనేజరు దగ్గర ఈ మాట ఎత్తడం తప్పేమీ కాదు. ఒంటరిగా వెళ్లి కుదరని చోట నలుగురైదుగురు కలిసి ఉమ్మడి బాధ్యత గ్రూపుగా, అంటే ఒకరి బాకీకి అందరూ పూచీ ఉండేలా, అడిగి చూడండి.

ఇక అనుబంధ పత్రం

ఇంతవరకు చెప్పింది 11 నెలల ఒప్పంద ఫారం చేసే పని. యజమానికీ కౌలుదారుకీ మధ్య లెక్కంతా మిగిలే ఉంది. దాన్ని నోటిమాటకి వదలకుండా అదే రోజు, అదే సాక్షుల ముందు రాసుకోవాలి. నాన్-జుడీషియల్ స్టాంపు కాగితం మీద రాయండి, ఎంత విలువది కావాలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. స్టాంపు తక్కువ పడితే పత్రం చెల్లకుండా పోదు గానీ, లోటు సుంకం, దాని మీద జరిమానా కట్టేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా చూడదు. గడువు తేదీలు ఫారంలో ఉన్నవే ఉండాలి. ఒకదాంట్లో జూన్ 1 అని, ఇంకోదాంట్లో మృగశిర కార్తె అని రాయొద్దు.

మార్కెట్లో దొరికే రెడీమేడ్ కౌలు పత్రాలు చాలావరకు ఇంటి అద్దె పత్రాన్ని మార్చి అచ్చేసినవి. నెల నెలా అద్దె, ఒక నెల నోటీసు, సున్నం రంగులు అన్న ధోరణి వాటిది. పంట నెలల లెక్కన ఆగదు. నాట్లేశాక నెల నోటీసిచ్చి ఖాళీ చేయమనే షరతున్న కాగితం మీద ఏ రైతూ సంతకం పెట్టకూడదు. వాటి జోలికి పోకుండా తెల్లకాగితం మీద మొదలుపెట్టి, కింద చెప్పిన విషయాలు ఒక్కొక్కటీ రాసుకోవడం మేలు.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది కౌలు మొత్తం మీద. డెల్టాలో కౌలు బస్తాల్లో మాట్లాడుకుంటారు. ఎకరాకు పాతిక బస్తాలు అని రాసి ఊరుకుంటారు. ఆ మూడు మాటల్లో కనీసం ఆరు సందేహాలున్నాయి. బస్తా అంటే 75 కిలోలా, ఇంకోటా? గోనె బరువు పోనా, కలిపా? పచ్చి ధాన్యమా, ఆరబెట్టినదా? ఏ రకం? సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా (రబీ వరి) రెండు పంటలకీ కలిపి పాతికా, సార్వాకే పాతికా? కళ్లంలో ఇవ్వాలా, యజమాని ఇంటికి తోలాలా?

తేమ ఒక్కటి చూడండి. ప్రభుత్వ కొనుగోలుకి ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. హార్వెస్టరుతో కోసిన ధాన్యం అంతకన్నా ఎక్కువ తేమతో రావడం మామూలే. 22 శాతం తేమున్న 75 కిలోలని 17 శాతానికి ఆరబెడితే మిగిలేది దాదాపు 70 కిలోలు. అంటే బస్తాకి నాలుగున్నర కిలోల తేడా. పాతిక బస్తాల మీద అది ఒకటిన్నర బస్తా పైనే. పచ్చి ధాన్యం కొలిస్తే యజమానికి నష్టం, ఆరబెట్టి కొలిస్తే ఆరబెట్టిన కూలి కౌలుదారుకి నష్టం. ఏదో ఒకటి ముందే ఒప్పుకుంటే ఎవరికీ నష్టం అనిపించదు.

ధాన్యం బదులు డబ్బిచ్చేటట్టయితే ఏ ధరకి? మద్దతు ధరకా, కోత నాటి ఊరి ధరకా? 2025-26 సీజనుకి సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా 1,776 రూపాయల 75 పైసలు. కోతల రద్దీలో కళ్లంలో అడిగే ధర అంతకన్నా తగ్గితే, ఆ తేడా పాతిక బస్తాల మీద ఎంతవుతుందో లెక్క వేసుకోండి. అందుకే ఆ వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది:

"సార్వా పంటకు ఎకరానికి 75 కిలోల నికర బరువు గల 14 బస్తాలు, దాళ్వా పంటకు 11 బస్తాలు, 17 శాతానికి మించని తేమతో, సాగుదారు వేసిన రకమే, పొలం కళ్లంలో కాటా వేసి, నూర్పిడి అయిన 15 రోజుల్లోగా ఇవ్వాలి. ధాన్యం బదులు డబ్బు ఇచ్చేటట్లయితే ఆ సీజను సాధారణ రకం మద్దతు ధర ప్రకారం లెక్కగట్టాలి. దాళ్వాకు కాలువ నీరు వదలకపోతే దాళ్వా కౌలు లేదు."

అంకెలు మీ ఒప్పందాన్ని బట్టి మారతాయి, వాక్యం ఎముకలు మాత్రం ఇవే. చివరి మాట మరీ ముఖ్యం. దాళ్వాకు నీళ్లు ఇస్తారో లేదో రైతు చేతిలో లేదు. సార్వా, దాళ్వా కౌళ్లు విడదీసి రాయకపోతే నీళ్లు రాని ఏడాది మొత్తం పాతిక బస్తాలూ సార్వా ధాన్యం నుంచే కొలవాల్సి వస్తుంది.

విస్తీర్ణం కూడా ఇక్కడే తేలాలి. పాసుపుస్తకంలో 2 ఎకరాల 40 సెంట్లు ఉంటుంది, బోదెలూ గట్లూ దారీ పోను నాటేది 2 ఎకరాల 30 సెంట్లు. ఎకరాకు పాతిక బస్తాలైతే ఆ పది సెంట్ల విలువ ఏడాదికి రెండున్నర బస్తాలు. కౌలు దేని మీద లెక్కో రాయండి: కాగితం మీదున్న విస్తీర్ణం మీదా, సాగయ్యే విస్తీర్ణం మీదా. చెక్కుబందీ నాలుగు వైపులా రాసేటప్పుడు పక్క రైతు పేరుతో పాటు గట్టు ఎవరిదో కూడా రాస్తే పోయిందేమీ లేదు.

పంట పోతే

ముందే ఖాయం చేసుకున్న మొత్తం ఇచ్చే మక్తా కౌలులో నష్టమంతా కౌలుదారుదే, పండినదాంట్లో వాటా ఇచ్చే పాలు కౌలులో ఇద్దరిదీ. ఇది అందరికీ తెలిసిన లెక్క. తుఫానులో పంట మొత్తం మునిగిన ఏడాది మక్తా పూర్తిగా అడిగే యజమాని తక్కువే, ఎంతో కొంత తగ్గిస్తారు. ఆ ఎంతో కొంత దగ్గరే మనసులు విరుగుతాయి. దీనికి ఇద్దరికీ సంబంధం లేని కొలత ఒకటి చేతిలో ఉంది. విపత్తు సాయం నిబంధనల ప్రకారం 33 శాతం, అంతకు మించి పంట నష్టం ఉంటేనే పెట్టుబడి రాయితీ వస్తుంది. నష్టం ఎంతో లెక్కించేది అధికారులు. ఆ లెక్కనే ఒప్పందానికీ వాడుకోండి: అధికారుల లెక్కలో నష్టం 33 శాతం దాటితే అదే నిష్పత్తిలో ఆ పంట కౌలు తగ్గుతుంది, 33 శాతం లోపైతే తగ్గింపు లేదు. అంచనా వేసేది మూడో మనిషి కాబట్టి ఊళ్లో ఎవరినీ పెద్దమనిషిగా పిలవాల్సిన పని ఉండదు.

ముందస్తుగా కౌలు మొత్తం కట్టేసే పద్ధతి మిరప, పత్తి భూముల్లో ఎక్కువ. అలాంటప్పుడు తగ్గింపు అంటే యజమాని తిరిగి ఇవ్వాలి. చేతికొచ్చిన డబ్బు వెనక్కి రావడం కష్టం. కుదిరితే రెండు విడతలు చేసుకోండి, ఒకటి సంతకం నాడు, రెండోది మొదటి కోత తర్వాత. రెండో విడత చేతిలో ఉంటేనే తగ్గింపు షరతుకి ప్రాణం ఉంటుంది.

పథకాల డబ్బు ఎవరికి

ఏది ఎవరిదో విడిగా రాయండి. పీఎం కిసాన్ భూమి ఎవరి పేర ఉంటే వాళ్లకి వచ్చేది, కౌలుదారు దాన్ని అడగలేడు. పంటల బీమా పరిహారం, పెట్టుబడి రాయితీ, రాయితీ విత్తనాలు, ధాన్యం డబ్బు పంట పెట్టినవాళ్లవి. ఏ కారణం వల్లనైనా సాగుదారుకి రావలసినది యజమాని ఖాతాలో పడితే 7 రోజుల్లో బదిలీ చేయాలని, లేదా ఇవ్వాల్సిన కౌలులో అంత మినహాయించుకోవచ్చని రాసుకోండి. మినహాయింపు మాట బదిలీ మాట కన్నా గట్టిది. కౌలుదారు ఎవరినీ అడుక్కోనక్కర్లేదు.

మోటారు, బోరు, డ్రిప్

మెట్ట భూముల్లో తగువు దాదాపుగా ఇక్కడే మొదలవుతుంది. మోటారు కాలింది, వైండింగ్ ఖర్చు ఎవరిది? బోరు ఎండింది, పంట మధ్యలో ఉంది, ఇప్పుడేంటి? మా అభిప్రాయం ఇది. వాడకం వల్ల వచ్చే రిపేర్లు, అంటే వైండింగ్, స్టార్టర్, కేబుల్, పగిలిన పైపులు, సాగుదారు భరించాలి. బోరు ఎండటం, కొత్త మోటారు, కొత్త బోరు యజమానివి. బోరు ఎండి పంట దెబ్బతింటే అది కూడా విపత్తు కిందే లెక్క, కౌలు తగ్గాలి. సాగుదారు తన డబ్బుతో బోరు లోతు చేయిస్తే ఆ ఖర్చు ఎన్నేళ్ల కౌలులో మినహాయించుకోవాలో పని మొదలుపెట్టే ముందే రాతలో ఒప్పుకోవాలి.

అప్పగింత నాడు ఒక చిన్న పట్టిక రాయండి. మోటారు ఎన్ని హెచ్‌పీ, ఏ కంపెనీ, ఎన్ని అడుగుల్లో ఉంది, స్టార్టర్ పని చేస్తుందా, కరెంటు సర్వీసు నంబరు, డ్రిప్ లాటరల్స్ ఎన్ని చుట్టలు, ఫిల్టరు, వెంచురీ ఉన్నాయా, ఎన్ని చోట్ల కారుతున్నాయి. బోరు ఆన్ చేసి డెలివరీ పైపు నుంచి నీళ్లు పడే వీడియో ఫోన్లో తీసి ఇద్దరూ ఉంచుకోండి. మోటారు తీసుకున్నప్పుడే సరిగ్గా పోయట్లేదు అన్న వాదానికి అంతకు మించిన జవాబు లేదు.

నేల

యజమానికి నిజంగా విలువైనది ఇదే, పత్రాల్లో దీనికి దొరికే చోటు మాత్రం అర వాక్యం. పై మట్టి తవ్వి ఇటుక బట్టీకి తోలకూడదు, చేపల చెరువు రొయ్యల చెరువు తవ్వకూడదు, శాశ్వత కట్టడాలు కట్టకూడదు, ఇంకొకరికి మారు కౌలుకు ఇవ్వకూడదు. ఈ నాలుగూ తప్పనిసరి. ఒకసారి ఉప్పునీరు ఎక్కిన వరి పొలం మళ్లీ వరికి రావడానికి ఏళ్లు పడుతుంది.

వీటికి రెండు జోడించండి. ఒకటి కలుపుమందులు. మొక్కజొన్నలో అట్రజిన్ మోతాదుకి మించి కొడితే దాని అవశేషం నేలలో నిలిచి తర్వాత వేసే మినుము, పెసర, కూరగాయ పంటల్ని దెబ్బతీస్తుంది. గడువు చివరి పంటలో ఏ కలుపుమందు, ఎంత, ఏ తేదీన కొట్టారో సాగుదారు రాసి ఇవ్వాలి. రెండోది దానికి ఎదురు వైపు నుంచి. సాగుదారు నేలకి పెట్టిన పెట్టుబడికి విలువ కట్టాలి. చెరువు మట్టి తోలినా, చౌడుకి జిప్సం వేసినా, ఫలితం ఒక్క పంటతో అయిపోదు. 11 నెలలకే దిగిపోవాలంటే ఎవరూ ఆ ఖర్చు పెట్టరు, నేల ఏటేటా చితికిపోతుంది. కాబట్టి యజమాని ముందుగా ఒప్పుకుని చేయించిన మట్టి, జిప్సం ఖర్చు మూడేళ్లకు పరుచుకుని, సాగుదారు ముందే దిగితే మిగిలిన వంతు యజమాని చెల్లించాలని రాయండి. ట్రాక్టరు ట్రక్కుల రసీదులు అప్పుడు పనికొస్తాయి. పచ్చిరొట్టకి, అంటే ఎరువుగా నేలలో కలియదున్నే పైరుకి, ఇంత లెక్క అక్కర్లేదు, జీలుగ విత్తనాల ఖర్చు సగం సగం అనుకుంటే చాలు.

గట్ల మీది కొబ్బరి, తాటి, టేకు చెట్లు, వాటి కాపు, వరిగడ్డి ఎవరివో ఒక్కో వాక్యం. పాడి ఉన్న ఇంట్లో వరిగడ్డి చిన్న విషయం కాదు. నీటి తీరువా ఎవరు కట్టాలో ఇంకో వాక్యం.

గడువు అయిపోయినా పంట పొలంలోనే ఉంటే

జూన్ 1న మొదలైన ఒప్పందం ఏప్రిల్ 30తో అయిపోతుంది. కాలువలు ఆలస్యమైన ఏడాది దాళ్వా కోత మే నెలలోకి జారుతుంది. అరటి మొదటి గెల కోతకే ఏడాది దాటొచ్చు, చెరకుకి కార్శి (నరికిన మోళ్ల నుంచి మళ్లీ వచ్చే) పంట ఉంటుంది. 11 నెలల ఫారంలో ఇలాంటి పంటలు ఇమడవు. ఇది దాని అసలు లోపం. వరి, అపరాలు, మొక్కజొన్న రైతుకి మాత్రం ఒక వాక్యం సరిపోతుంది: "గడువు తీరేనాటికి పొలంలో పంట ఉంటే అది కోసుకునే వరకు, గరిష్ఠంగా 45 రోజులు, అదనపు కౌలు లేకుండా సాగుదారు పొలంలో ఉండొచ్చు. కొత్త పంట వేయకూడదు." ఏడాది దాటే పంట వేయాలనుకుంటే గడువు పెంచి రిజిస్టర్ చేయించుకోవడం తప్ప దారి లేదు, యజమానికి 1956 చట్టం భయం మళ్లీ పుట్టేదీ అక్కడే. అందువల్ల అరటి, చెరకు కౌలు రైతులకి ఈ పత్రం గట్టి అండ కాదు, పథకాల వరకే.

భూమి మధ్యలో అమ్ముడుపోతే? కొన్నవాళ్లు చేలో పంట కోతకొచ్చేదాకా ఆగాలని, అమ్మకం ఒప్పందంలో ఈ కౌలు సంగతి చెప్పే బాధ్యత యజమానిదని రాయండి. ఇద్దరిలో ఎవరైనా మరణిస్తే వారసులు ఆ పంట కోత వరకు ఒప్పందానికి కట్టుబడాలి. తగువు వచ్చినా పంట కోత ఆగకూడదు. కోసి, కాటా వేసి, తగువున్నంత ధాన్యం ఇద్దరూ ఒప్పుకున్న మనిషి దగ్గర ఉంచాలి. ఈ చివరి షరతు లేకపోతే పంట చేలోనే రాలిపోతుంది, ఇద్దరూ నష్టపోతారు.

సంతకాల నాడు

రెండు ప్రతులు రాయండి, రెండూ అసలైనవే. ప్రతి పేజీ మీదా ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఖాళీగా ఉన్న చోట్ల గీత కొట్టండి. కొట్టివేతల పక్కన పొడి సంతకాలు. సాక్షులు ఇద్దరు, కుదిరితే ఒకరు గట్టు పక్క రైతు, ఎందుకంటే ఏ పంట ఎప్పుడు వేశారో, నీళ్లు ఎప్పుడొచ్చాయో ఆయనకి తెలుసు. చదవలేని వాళ్లకి పత్రం మొత్తం చదివి వినిపించినట్టు చివర రాసి, చదివిన మనిషి సంతకం కూడా తీసుకోండి. కౌలు డబ్బు ఫోన్లో పంపేటప్పుడు వివరం దగ్గర "కౌలు, సార్వా" అని టైపు చేయండి. ధాన్యంగా ఇస్తే కాటా చీటీ వెనక యజమాని సంతకం తీసుకోండి.

ఈ పత్రం పనికిరాని చోట్లు

ప్రభుత్వం పేదలకిచ్చిన డీ-పట్టా భూములు: 1977 నాటి చట్టం బదిలీ అన్న మాటలో కౌలును కూడా చేర్చింది. డబ్బు కట్టి చేతులు కాల్చుకునే ముందు ఆ భూమి ప్రస్తుతం నిషేధ జాబితాలో ఉందో లేదో తహసీల్దారు ఆఫీసులో చూసుకోండి. ఏజెన్సీ గ్రామాలు: 1959 నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ, ఊళ్లో అనే వన్ ఆఫ్ సెవెంటీ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకి కౌలుకివ్వడం చెల్లదు. ఎన్ని సంతకాలున్నా అది కాగితమే. దేవాదాయ భూములు వేలంలో తీసుకోవాలి, పూజారితోనో ధర్మకర్తతోనో విడిగా రాసుకున్నది నిలవదు. తెలంగాణలో ఈ ఫారం వాడొద్దు, అక్కడ 1950 నాటి కౌలుదారీ చట్టం వేరు, ఈ 2019 చట్టం అక్కడ లేదు.

మిగతా పట్టా భూములకి, ముఖ్యంగా వరి, మొక్కజొన్న, అపరాలు వేసేవాళ్లకి, కార్డు కోసం సచివాలయానికి వెళ్లే రోజే అనుబంధ పత్రం కూడా రాసి పట్టుకెళ్లండి. రెండూ ఒకేసారి అయితే యజమాని ఒక్కసారే కూర్చుంటే చాలు. కార్డు 11 నెలలకే చెల్లుతుంది కాబట్టి అదే యజమాని, అదే పొలమైనా మే నెలలో మళ్లీ మొదటి నుంచీ చేయించాలి. పోయినేటి కార్డుతో ఈ ఏటి ఈ-పంట నమోదు నడవదు.